తర్వాతి విమాన వాహక నౌక: విక్రాంత్ నమూనానే మళ్లీ కట్టాలా? పేరు విరాట్ పెట్టాలా?

డాల్ఫిన్‌నోస్ (విశాఖపట్నం):

కొచ్చిలో కట్టిన విక్రాంత్ 2022 సెప్టెంబరు 2న నౌకాదళంలో చేరింది. దాని తర్వాత కట్టాల్సిన ఓడ గురించి ఎక్కడ మాట వచ్చినా జనం రెండుగా చీలిపోతున్నారు. విక్రాంత్ లాంటిదే, సుమారు 45 వేల టన్నులది, కొద్దిపాటి మార్పులతో ఇంకోటి కట్టమని కొందరు. అది చాలదు, 65 వేల టన్నులకు వెళ్లి, విమానాల్ని విసిరే కాటపుల్ట్ బిగించమని ఇంకొందరు. నేను మొదటి పక్షం. పేరు విషయంలోనూ నాకు గట్టి పట్టే ఉంది. మన పాత విమాన వాహక నౌక విరాట్ పేరే దానికి రావాలి.

విక్రాంత్‌కి 2009 ఫిబ్రవరిలో కీల్, అంటే ఓడ అడుగున ఉండే దూలం, వేశారు. అప్పగించేసరికి 13 ఏళ్లు పట్టింది. 262 మీటర్ల పొడవు, 62 మీటర్ల వెడల్పు, 2,300 గదులు. అంత ఓడ మన దేశంలో అంతకుముందు ఎవరూ కట్టలేదు కాబట్టి ప్రతి పనీ మొదటిసారే. ఆ నేర్పు ఇప్పుడు అక్కడి వెల్డర్ల చేతుల్లో, ఫిట్టర్ల చేతుల్లో ఉంది. ఇక్కడ ఓడల మరమ్మతు పనిలో నేను 26 ఏళ్లు ఉన్నాను. పని లేకపోతే మంచి వెల్డరు ఆరు నెలలు కూడా ఆగడు, గల్ఫ్ వెళ్లిపోతాడు. ఒకసారి వెళ్లినవాడు తిరిగొచ్చి అదే యార్డులో చేరడం నేను ఒక్కసారే చూశాను. కొత్త డిజైన్ అంటే గీతలు గీయడానికే ఏళ్లు పడతాయి. ఈలోపు ఆ చేతులు ఎక్కడుంటాయి?

ఇక పేరు. పాత విక్రాంత్ 1997లో విశ్రమించింది. 2012 దాకా ముంబైలో మ్యూజియంగా నిలబడి, తర్వాత తుక్కు కింద పోయింది. కనీసం ఆ పేరు, ఆ ఆర్11 అనే నంబరు కొత్త ఓడకొచ్చాయి. విరాట్‌కి అదీ దక్కలేదు. 2017 మార్చి 6న దాన్ని సేవ నుంచి తప్పించినప్పుడు మన రాష్ట్రం తెచ్చుకుంటానంది, మహారాష్ట్ర కూడా అడిగింది. డబ్బు లెక్క ఎక్కడా కుదరలేదు. 2020 సెప్టెంబరులో గుజరాత్‌లోని అలంగ్‌కి లాక్కెళ్లి విడగొట్టారు. బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి ముందు నుంచి వెళ్లినప్పుడల్లా దాని పక్కన విరాట్ ఉండాల్సిన చోటు నాకు ఖాళీగానే కనిపిస్తుంది.

కంచన్‌బాగ్‌వాసి (హైదరాబాద్):

అన్నా, పేరు విషయంలో మీతోనే ఉన్నా. డిజైన్ విషయంలో లేను.

ముందుగా చెప్పేదేమంటే, విక్రాంత్ మీద నా ప్రేమ మీకంటే తక్కువ కాదు. రష్యా నుంచి రావాల్సిన ఉక్కు రాకపోతే, మా కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహాల పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్ వాళ్లు డీఎంఆర్ 249 రకం ఉక్కు తయారుచేసి చూపించిన్రు. ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్ దాన్ని భిలాయ్, రూర్కెలా, బొకారోలలో పోసి సుమారు 30 వేల టన్నులు ఇచ్చింది. అది చిన్న సంగతి కాదు.

కానీ ఓడ అనేది విమానాల కోసం. విక్రాంత్ ముందు భాగం పైకి లేచి ఉంటది కదా, స్కీ జంప్ అంటరు. విమానం తన ఇంజిన్ బలంతోనే ఉరికి, ఆ వాలు ఎక్కి గాల్లోకి లేవాలి. ట్యాంకు నిండా ఇంధనం, రెక్కల కింద నిండా ఆయుధాలు పెట్టుకుంటే ఆ కొద్ది దూరంలో లేవడం కష్టం. అందుకే ఏదో ఒకటి తగ్గించుకోవాలి. కాటపుల్ట్ ఉంటే ఆ బాధ లేదు.

అసలు బాధ రాడార్ విమానం. అమెరికా, ఫ్రాన్స్ ఓడల మీద హాకై అనే రెండు ప్రొపెల్లర్ల విమానం ఉంటది. ఎత్తున గంటల తరబడి తిరిగి, దూరం నుంచి వచ్చేదాన్ని ముందే చూస్తది. స్కీ జంప్ ఓడ మీద అది పనిచేయదు. మనం కామోవ్-31 హెలికాప్టర్ కడుపు కింద రాడార్ దించి నడిపిస్తున్నం. అది అంత ఎత్తు పోదు, అంతసేపు నిలవదు. ఎత్తు తగ్గితే చూపు తగ్గుతది. చైనా ఫుజియాన్ 2025 నవంబరులో సేవలోకి వచ్చింది. విద్యుదయస్కాంత కాటపుల్ట్‌తో వచ్చింది. దాని మీదికి రాడార్ విమానం తయారుగా ఉంది. మనం ఇంకో స్కీ జంప్ కట్టి, దాన్ని 40 ఏళ్లు నడుపుదామా?

ఇంకొకటి. 2025 ఏప్రిల్‌లో మనం 26 రఫేల్-ఎం విమానాలకు ఒప్పందం చేసుకున్నం. వాటి రెక్కలు మడవడానికి రావు. విమానాల్ని డెక్కు మీదికి తెచ్చే విక్రాంత్ లిఫ్టులు మిగ్-29కె విమానం రెక్కలు మడిచినప్పటి కొలతకు కట్టినవి. అదే నమూనా మళ్లీ అంటే అదే ఇరుకు మళ్లీ.

నార్ఫోక్‌తెలుగు (వర్జీనియా):

మేముండేది అమెరికా విమాన వాహక నౌక ఫోర్డ్ ఉండే రేవుకు అరగంట దూరంలో. కాటపుల్ట్ మీద ఆశ పెట్టుకున్న కంచన్‌బాగ్‌వాసి గారికి ఈ ఓడ కథ కొంచెం చెప్పాలి.

ఫోర్డ్ 2017 జులైలో నౌకాదళంలో చేరింది. లక్ష టన్నులు, సుమారు 1,300 కోట్ల డాలర్లు. విద్యుదయస్కాంత కాటపుల్ట్ కొత్త, దిగే విమానాన్ని పట్టి ఆపే యంత్రం కొత్త, రాడార్ కొత్త, రియాక్టర్లు కొత్త, బాంబుల్ని పైకి తెచ్చే 11 లిఫ్టులూ కొత్త. వీటిలో చాలావాటిని ముందు వేరే ఓడ మీద పరీక్షించకుండా ఒకేసారి ఒకే ఓడలో పెట్టారు. ఆఖరి లిఫ్టు చేతికొచ్చేసరికి 2021 డిసెంబరు అయింది. అంటే సేవలో చేరాక నాలుగేళ్లకు పైగా. అన్నేళ్లు సముద్రంలో చేయాల్సిన పని యార్డులో చేస్తూ కూర్చుంది. మొదటిసారి అట్లాంటిక్ దాటింది 2022లో. ఏడు దశాబ్దాల ఆవిరి కాటపుల్ట్ అనుభవం ఉన్న దేశానికే ఇలా అయిందంటే మనం అడుగు ఎంత ఆచితూచి వేయాలి!

బ్రిటన్ ఇంకో పాఠం. క్వీన్ ఎలిజబెత్ తరగతి ఓడల్ని మొదట స్కీ జంప్ అనుకున్నారు, మధ్యలో కాటపుల్ట్ అన్నారు, ఖర్చు లెక్క చూసి 2012లో మళ్లీ స్కీ జంప్‌కే వచ్చారు. డెక్కు మీద రెండు గోపురాలు పెట్టడం మాత్రం వాళ్లు చేసిన మంచి పని. ముందుది ఓడ నడపడానికి, వెనకది విమానాల రాకపోకలు చూడడానికి. ఇంజిన్ల పొగగొట్టాలూ రెండు చోట్లకు విడిపోయాయి, ఒకచోట దెబ్బ తగిలినా రెండోది మిగులుతుంది. మన కొత్త ఓడలో ఇది ఆలోచించాలి.

పేర్ల గురించి కూడా నాలుగు మాటలు. ఒకప్పుడు ఇక్కడ లెక్సింగ్టన్, యార్క్‌టౌన్, హార్నెట్, ఎంటర్‌ప్రైజ్ అని పెట్టేవారు. యుద్ధభూముల పేర్లు, పాత ఓడల పేర్లు. ఇప్పుడు ఎక్కువగా అధ్యక్షుల పేర్లు. 2025 జనవరిలో రాబోయే రెండింటికి క్లింటన్, జార్జ్ డబ్ల్యూ. బుష్ పేర్లు ప్రకటించారు. ఇద్దరూ బతికే ఉన్నారు. నాకు నచ్చదు. ఓడలో 5 వేల మంది ఉంటారు. వాళ్లలో సగం మంది ఓటు వేయని మనిషి పేరు వాళ్ల టోపీ మీద ఎందుకు? ఒక్క డోరిస్ మిల్లర్ పేరుకు మాత్రం చేతులెత్తి దండం పెడతాను. 1941లో పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగినప్పుడు ఆయన వెస్ట్ వర్జీనియా ఓడలో భోజనశాల పనివాడు. నల్లజాతి వాడని తుపాకి శిక్షణ కూడా ఇవ్వలేదు. అయినా మెషిన్‌గన్ పట్టుకుని పోరాడాడు. ఆ పేరు ఇప్పుడు రాబోయే ఒక వాహక నౌకకు పెట్టారు.

రేవుగాలి (కాకినాడ):

ఇన్ని కోట్లు పోసి పెద్ద ఓడ కడితే ఒక్క క్షిపణితో పోతుంది కదా? ఆ డబ్బుతో జలాంతర్గాములు కొనడం మేలు కాదా?

డాల్ఫిన్‌నోస్:

రేవుగాలి గారూ, అది వేరే పెద్ద చర్చ, దాన్ని వేరేగా మొదలుపెట్టండి, నేనూ వస్తాను. ఇక్కడ ఒక్క మాటే చెప్తాను. కదిలే ఓడని సముద్రంలో వెతికి పట్టుకోవడం అంత తేలిక కాదు. 1971లో పాకిస్తాన్ వాళ్ల ఘాజీ జలాంతర్గామి విక్రాంత్ కోసమే మన రేవు దాకా వచ్చింది. విక్రాంత్ అప్పుడు అండమాన్‌లో ఉంది. విక్రాంత్ ఇక్కడే ఉందని నమ్మించడానికి వైస్ అడ్మిరల్ కృష్ణన్ రాజ్‌పుత్ అనే పాత ఓడతో సందేశాలు పంపించారు. డిసెంబరు 3 అర్ధరాత్రి ఘాజీ మన హార్బరు బయటే మునిగింది. మా నాన్నగారు ఆ రాత్రి కిటికీ అద్దాలు అదిరాయని చెప్పేవారు.

కంచన్‌బాగ్ తమ్ముడికి కూడా నా జవాబు అక్కడే ఉంది. ఆ యుద్ధంలో విక్రాంత్ బాయిలర్ పగిలి ఉంది, పూర్తి వేగం అందుకోలేదు. అయినా దాని మీంచి లేచిన సీ హాక్ విమానాలు అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని కాక్స్ బజార్ మీద దాడి చేశాయి. యుద్ధం వచ్చిన రోజున చేతిలో ఉన్న ఓడే ఓడ. రెండు తీరాలకు రెండు, మరమ్మతులో ఒకటి, ఇదీ నౌకాదళం ఎప్పట్నుంచో అడుగుతున్న లెక్క. మన దగ్గరున్న ఇంకో వాహక నౌక విక్రమాదిత్య వయసు చూడు. మన దగ్గరకు 2013లో వచ్చినా, సోవియట్ వాళ్లు దాన్ని 1987లోనే సేవలోకి తీసుకున్నారు. కొత్తది 13 ఏళ్లు పడితే అది వచ్చేలోపు ఈ పెద్దావిడ వెళ్లిపోతుంది. అప్పుడు మళ్లీ ఒక్కటే మిగులుతుంది.

శాసనం (చీరాల):

డిజైన్ నాకు తెలియదు, పేరు గురించి మాట్లాడతాను. విక్రాంత్, విరాట్, విక్రమాదిత్య, ఇప్పుడు విశాల్ అని పత్రికల్లో రాస్తున్నారు. అన్నీ ఒకే అక్షరం, ఒకే వాసన. దక్షిణాది సముద్ర చరిత్రకు ఇందులో చోటేది?

మా పక్కనే మోటుపల్లి ఉంది. కాకతి గణపతిదేవుడు 1244లో అక్కడ వేయించిన అభయ శాసనం చదివితే ఒళ్లు పులకరిస్తుంది. అంతకుముందు రాజులు తుపానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లో సరుకంతా లాక్కునేవారు. ఈయన ఇకపై సుంకం తప్ప మరేమీ తీసుకోనని పరదేశి వర్తకులకు రాతి మీద మాటిచ్చాడు. సముద్రం మీద న్యాయం గురించి ఇంత గొప్ప మాట మన నేల మీద ఉంది. విమాన వాహక నౌకకు మోటుపల్లి అని పెడితే తప్పేంటి?

నార్ఫోక్‌తెలుగు:

శాసనం గారూ, చాలా మంచి సంగతి చెప్పారు. కానీ ఊళ్ల పేర్లతో ఒక చిక్కుంది. మన విక్రమాదిత్య మొదటి పేరు బాకు. సోవియట్ యూనియన్ చీలే వేళకు ఓడ పేరు అడ్మిరల్ గోర్ష్‌కోవ్‌గా మార్చారు, బాకు ఇప్పుడు వేరే దేశానికి రాజధాని. రష్యాకు మిగిలిన ఒకే ఒక వాహక నౌకది ఇంకా జాలి కథ. రీగా అని మొదలైంది, లియోనిద్ బ్రెజ్నెవ్ అయింది, బ్రెజ్నెవ్ పరువు పోయాక త్బిలిసి అయింది, ఆ ఊరూ చేజారే వేళకు అడ్మిరల్ కుజ్‌నెత్సోవ్ అయింది. ఒక్క ఓడకు నాలుగు పేర్లు.

శాసనం:

మోటుపల్లి ఎక్కడికీ పోదండీ.

సాగరమాత (విజయనగరం):

మా అబ్బాయి నౌకాదళంలో ఉన్నాడు, ఏ ఓడో చెప్పను. డాల్ఫిన్‌నోస్ బాబుగారూ, మీరు వెల్డర్ల గురించి రాసింది చదివాక నాకూ రాయాలనిపించింది. వాడు సెలవుకు ఇంటికొచ్చినా “మా ఓడ” అనే అంటాడు, పేరుతో పిలవడం తక్కువ. కానీ పాత ఓడలో పనిచేసిన పెద్దాయన ఎవరైనా కలిసి, మేమూ ఆ పేరు ఓడలోనే ఉండేవాళ్లం అంటే, వాడి ముఖం వెలిగిపోతుంది. పాత పేరు తిరిగి పెట్టడం అందుకే మంచిది. ఇంకో మాట, విక్రాంత్‌లో ఆడవాళ్ల కోసం ప్రత్యేకంగా గదులు కట్టారని విన్నప్పుడు చాలా సంతోషం వేసింది. కొత్తదాంట్లో ఇంకా ఎక్కువ కట్టండి. మా మనవరాలు కూడా వెళ్తానంటోంది.

కంచన్‌బాగ్‌వాసి:

అమ్మా, మీ మాటకు నమస్కారం.

అన్నా, యుద్ధం రోజు చేతిలో ఉన్న ఓడే ఓడ అన్నది నేను తోసేయలేను. రాత్రంతా ఆలోచించిన. నా షరతులు మూడు. లిఫ్టులు వెడల్పు చేయాలి, రఫేల్ నేరుగా పట్టాలి, తర్వాత రాబోయే మన విమానం కూడా పట్టాలి. గోపురాన్ని కుదించి డెక్కు మీద జాగా పెంచాలి. కాటపుల్ట్‌ని ఓడ మీద కాకుండా ముందు నేల మీద కట్టి, ఏళ్ల తరబడి విమానాల్ని విసిరి చూడాలి. గోవాలో నౌకాదళ విమాన స్థావరం ఐఎన్ఎస్ హంస దగ్గర స్కీ జంప్‌ని నేల మీద కట్టినం కదా, 2022లో రఫేల్‌ని అక్కడనే ఎగరేసి చూసిన్రు. కాటపుల్ట్‌కీ అలాంటిదే కావాలి. ఫోర్డ్ వాళ్లు ఓడ మీద పడ్డ బాధ మనం నేల మీదనే పడదాం. అది పక్వమైనంక మూడో ఓడకు పెట్టుకోవచ్చు. కొచ్చిలో 2024లో తెరిచిన కొత్త డ్రైడాక్, అంటే నీళ్లు తోడేసి ఓడ కట్టే గుంట, 310 మీటర్లు ఉంది, పెద్ద ఓడ పట్టే జాగా అయితే వచ్చేసింది.

ఈ మూడూ ఒప్పుకుంటే మీ రెండో విక్రాంత్‌కి నేను ఒప్పుకుంటా. ఒప్పుకోకపోతే ఇదే వాదన మళ్లీ మొదలుపెడతా.

డాల్ఫిన్‌నోస్:

లిఫ్టులూ గోపురమూ ఒప్పుకున్నాను తమ్ముడూ. నేల మీద కాటపుల్ట్ మాట నాకు తట్టలేదు, అది నాకంటే నువ్వే బాగా చెప్పావు. ఓడ కడుతూ కడుతూ మధ్యలో డిజైన్ మారుస్తామంటే మాత్రం ఒప్పుకోను. బ్రిటన్ వాళ్లకు ఏమైందో నార్ఫోక్ గారు చెప్పారు.

శాసనం గారూ, మన దగ్గర ఊళ్ల పేర్లు డిస్ట్రాయర్లకు పెడుతున్నారు. విశాఖపట్నం, మోర్ముగావ్, ఇంఫాల్, సూరత్ ఆ వరసే. మోటుపల్లి కోసం అక్కడ అడుగుదాం, మీరు అర్జీ రాస్తే నేనూ సంతకం పెడతాను.

విరాట్ మీద సంస్కృతంలో ఒక వాక్యం ఉండేది: జలమేవ యస్య బలమేవ తస్య. నీరు ఎవరిదో బలం వాళ్లదేనని అర్థం. ఆ ఓడ బ్రిటన్‌లో హెర్మెస్‌గా 1959లో మొదలై, ఫాక్‌లాండ్స్ యుద్ధం చూసి, 1987లో మన దగ్గరకొచ్చి ఇంకో 30 ఏళ్లు పనిచేసింది. మ్యూజియం చేయలేకపోయాం, సరే. కొత్త ఓడ ముక్కు మీద ఆ వాక్యం, పక్కన ఆర్22 అన్న నంబరు తిరిగి రాస్తే చాలు. అది మొదటిసారి విశాఖ రేవు ముందుకొచ్చిన రోజు సాగరమాత గారి మనవరాలు డెక్కు మీద నిలబడి ఉంటే, నేను డాల్ఫిన్స్ నోస్ కొండ మీంచి చూస్తాను.