జోక్‌ని బగ్ అనుకుని గేమ్ ఆపేస్తున్నారు, ఏం చేయాలి?

విజయవాడలో ఇద్దరం కలిసి గొడాట్ అనే గేమ్ తయారీ సాఫ్ట్‌వేర్‌లో ఒక చిన్న గేమ్ చేశాం. చచ్చిపోయిన సుబ్బారావు తన డెత్ సర్టిఫికెట్ కోసం తనే క్యూలో నిలబడతాడు. తీరా కౌంటర్ దగ్గరికొచ్చాక గుమాస్తా 'లంచ్' బోర్డు పెట్టి లేచిపోతాడు. తర్వాత 90 సెకన్లు ఏ బటనూ పనిచేయదు. జోకే అది.

గుంటూరు బ్రాడీపేటలో కొంతమంది స్టూడెంట్స్ చేత ఆడించాం. అప్పటిదాకా పడీపడీ నవ్వినవాళ్లే సరిగ్గా ఆ సీన్‌లో 'హ్యాంగ్ అయింది బ్రో' అని ఆల్ట్ ఎఫ్4 కొట్టి గేమ్ మూసేస్తున్నారు. ఫ్రేమ్‌రేట్ (సెకనుకి మారే బొమ్మల సంఖ్య) చూస్తే 60 దగ్గర నిలకడగానే ఉంది, అంటే నిజంగా హ్యాంగ్ అవ్వట్లేదు.

ఫ్యాన్ తిరిగేలా, గడియారం టిక్‌టిక్‌మనేలా పెట్టాం, తేడా లేదు. 40 సెకన్లకి తగ్గిస్తే ఆగారు గానీ ఒక్కరూ నవ్వలేదు. 'దయచేసి వేచి ఉండండి' అని రాస్తే లోడింగ్ స్క్రీన్ అనుకున్నారు (దీనికి మాత్రం మాకే నవ్వొచ్చింది).

గేమ్ మొత్తం గంటన్నరే. గేమ్స్ అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో రెండు గంటల లోపు ఆడినవాళ్లు కొన్న 14 రోజుల్లో రీఫండ్ అడగొచ్చు, అందుకే టెన్షన్.

90 సెకన్లు అలాగే ఉంచి, ఇది బగ్ కాదని ఆడేవాళ్లకి మొదట్లోనే తెలియాలంటే ఆ సీన్‌లో ఏం పెట్టాలి?