అబ్బాయిల పునరావాస గృహానికి రిపేర్లు: దాతల సామాను, వలంటీర్లతో ఏ పని ముందు?

ప్రశ్న:
హన్మకొండ దగ్గర మత్తు అలవాటు నుంచి బయటపడుతున్న 14–18 ఏండ్ల అబ్బాయిలు 25 మంది ఉండే గృహం. స్లాబు (1000 చదరపు అడుగులు) కారుతున్నది, బాత్రూం గోడలు చెమ్మ పట్టినయి, వైరింగ్ పాతది. ఒక దాత 30 బస్తాల సిమెంటు, ఒక షాపాయన మిగులు టైల్స్ ఇస్తమన్నరు. 40 మంది ఎన్‌ఎస్‌ఎస్ విద్యార్థులు వారం రోజుల క్యాంపుకు వస్తరు. కమిటీ ముందు రంగులు వేయిద్దామంటున్నది. వానాకాలం లోపు కావాలె. ఎక్కడ మొదలుపెట్టాలె?

సివిల్ పనులు చూసేవారు:
అన్నా, రంగు ఆఖరు పని. స్లాబు కారుతుండగా లోపల పుట్టీ పెడితే మొదటి వానకే పొక్కులొచ్చి రాలుతది. మే చివరికల్లా స్లాబు ముగించండి.

ముందు కిందికెళ్లి సీలింగ్ చూడండి. పెచ్చులూడి తుప్పు పట్టిన ఊచలు కనబడితే పైన పూసే కోటింగ్ దేనికీ పనికిరాదు, స్ట్రక్చరల్ ఇంజనీరుకు చూపించాలె. ఊచలు బాగుంటే: పైన నాచు, దుమ్ము వైరు బ్రష్‌తో గీకి కడగాలె. పగుళ్లను వి ఆకారంలో 10 మి.మీ. వెడల్పు, అంతే లోతు కొట్టి పాలిమర్ మోర్టార్‌తో నింపాలె. పిట్టగోడ, స్లాబు కలిసే మూలల్లో 2 అంగుళాల గోలా (మూలను మోర్టార్‌తో గుండ్రంగా మూయడం) తీయాలె. ఎక్కువ ఇండ్లల్ల నీళ్లు దిగేది ఈ మూల నుంచే. తర్వాత రెండు భాగాల (పొడి, ద్రవం కలిపే) పాలిమర్ సిమెంట్ కోటింగ్ రెండు చేతులు, రెండోది మొదటిదానికి అడ్డంగా. చదరపు మీటరుకు సుమారు కిలోన్నర లెక్కన మీకు 140 కిలోలు పడతది. మే ఎండల మధ్యాహ్నం పూస్తే నీరు ఆవిరై వెంట్రుక పగుళ్లు వస్తయి. పొద్దుగాల స్లాబు తడిపి, నిలిచిన నీళ్లు తుడిచి పూయండి. ప్యాకెట్ మీద రాసినన్ని రోజులు ఆరినంక నీళ్లు కట్టి 48 గంటలు చూడాలె.

30 బస్తాలు ఒక్కసారి దింపుకోవద్దు. 12 మి.మీ. మందం, సిమెంటు ఒకటికి ఇసుక నాలుగు పాళ్లలో 100 చదరపు అడుగుల ప్లాస్టరింగ్‌కు ఒక బస్తా కూడా పూర్తిగా పట్టదు. మూడు నెలలు నిల్వ ఉంటే సిమెంటు బలం తగ్గుతది. పది తెచ్చుకొని మిగతావి డీలర్ దగ్గరే దాత పేరున ఉంచమనండి. బస్తా మీద తయారైన వారం, నెల ఉంటయి, చూసి తీసుకోండి.

ప్లంబింగ్, టైల్స్ తెలిసినవారు:
టైల్స్ ముట్టక ముందు లెక్క చూసుకోండి. బాలల న్యాయ నమూనా నియమాల ప్రకారం ఏడుగురికి ఒక మరుగుదొడ్డి, పది మందికి ఒక స్నానాల గది. అంటే మీకు కనీసం 4 మరుగుదొడ్లు, 3 స్నానాల గదులు. తక్కువుంటే ఇప్పుడే పెంచాలె, టైల్స్ వేసినంక పగలగొట్టడం నష్టం.

మిగులు టైల్స్‌తో చిక్కు ఏందంటే, ఒకే సైజని రాసున్నా పెట్టె మారితే 1–2 మి.మీ. తేడా ఉంటది, ఛాయా మారుతది. ఒక గదికి ఒకే లాట్ నంబరు వాడండి, పది శాతం ఎక్కువ అడగండి. గోడ టైల్స్ నేలకు వేస్తే జారి పడతరు. వంటగది గట్టుకు కరీంనగర్ గ్రానైట్ ముక్కలు అడగండి, కోతల్లో మిగిలినవి ఇవ్వడానికి దాతలు వెనకాడరు.

ఎలక్ట్రీషియన్:
దానంగా వచ్చిన పాత వైర్లు వద్దు. లైట్లకు 1.5, ప్లగ్గులకు 2.5, గీజరుకు 4 చదరపు మి.మీ. కొత్త రాగి వైరు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్), కొత్త ఎర్తింగ్. ఆర్‌సీసీబీ ఊరికే పడిపోతుంటే పాత వైరింగ్‌లో రెండు సర్క్యూట్ల న్యూట్రల్స్ కలిసి ఉండొచ్చు, చూసి విడదీయాలె. ఈ పనికి వలంటీర్లను పెట్టొద్దు.

గృహాల నిర్వహణ తెలిసినవారు:
మీ దగ్గర అన్నిటికన్న పెద్ద ప్రమాదం థిన్నర్ (రంగును పలచన చేసే ఘాటు ద్రవం). వాసన పీల్చే అలవాటు నుంచి బయటపడుతున్న పిల్లల మధ్య థిన్నర్, పంక్చర్ సొల్యూషన్, ఘాటు వాసన గమ్ము డబ్బాలు తెరిచి పెట్టడమంటే చికిత్సను మొదటికి తెచ్చినట్టే. గోడలకు నీటితో కలిపే ఎమల్షన్ మాత్రమే. సాయంత్రం బ్లేళ్లు, ఉలులు, స్క్రూడ్రైవర్లు లెక్కపెట్టి తాళం వేయాలె. బాత్రూం గడియ బయట నుంచి తెరిచేటట్టు, అద్దాలు పగలనివి, వేలాడే కొక్కేలు లేకుండా చూడండి. కిటికీ గ్రిల్స్‌లో ఒకటి అగ్ని ప్రమాదంలో తెరుచుకునేది ఉండాలె.

40 మంది ఒక్కసారి వద్దు. సగం మంది ఒక పూట, మిగతావాళ్లు రెండో పూట, పది మందికి ఒక మేస్త్రీ. గీకడం, చెత్త మోయడం, ప్రైమర్ పూయడం వాళ్లకు. పిల్లల ఫొటోలు గ్రూపుల్లో పెట్టొద్దని మొదటి రోజే చెప్పండి. గుర్తింపు బయటపెడితే బాలల న్యాయ చట్టం 2015, 74వ సెక్షన్ కింద నేరం. దాతలు అడిగితే, సామాను రూపంలో ఇచ్చినదానికి ఆదాయ పన్ను మినహాయింపు రాదని ముందే చెప్పండి.

ప్రశ్న వేసినవారు:
అందరికీ దండాలు. రంగు ఎంత కొనాలె? గ్రిల్స్‌కు వేసే రెడ్ ఆక్సైడ్ ప్రైమర్‌ను థిన్నర్‌తో కదా కలిపేది?

సివిల్ పనులు చూసేవారు:
20×15 గది, పది అడుగుల ఎత్తు, తలుపులు కిటికీలు పోను 620 చదరపు అడుగుల గోడ. పుట్టీ 40 కిలోల బస్తా ఒకటి, ప్రైమర్ 6 లీటర్లు, ఎమల్షన్ రెండు చేతులకు 10 లీటర్లు. గ్రిల్స్‌కు నీటితో కలిపే మెటల్ ప్రైమర్ దొరుకుతది. విప్పొచ్చే గ్రిల్స్ అయితే వెల్డింగ్ షాపులోనే రంగు వేయించి, వాసన పోయినంక తెచ్చి బిగించండి.