తులసి మీద నల్ల చుక్కలు, అశ్వగంధ మీద మచ్చలు: అన్నీ ఫంగసేనా?

మారతహళ్ళి నుంచి ప్రశ్న:
నమస్కారమండి. మాది మూడో అంతస్తు, తూర్పు బాల్కనీ. కుండీల్లో రెండు తులసి, ఒక రుద్రజడ, నాలుగు అశ్వగంధ ఉన్నాయి. దసరా నుంచి బెంగళూరులో ముసురు వదలట్లేదు కదా, ఒక్కొక్కటీ పాడవుతోంది. తులసి చివర్లు ముడుచుకుని, నల్ల చుక్కలు పడి ఎండిపోతున్నాయి. రుద్రజడ ఆకులు పసుపు తిరిగాయి. అశ్వగంధ రెండిటికి గోధుమరంగు మచ్చలు. ఇంకొకటి నిన్న ఉన్నట్టుండి వాలిపోయింది. నర్సరీ అతనికి ఫొటోలు చూపిస్తే "ఫంగస్ మేడమ్" అని కార్బెండజిమ్ ప్యాకెట్ చేతిలో పెట్టి, అన్నిటికీ ఇదే కొట్టమన్నాడు. మా అత్తగారు రోజూ పొద్దున్నే రెండు తులసాకులు నోట్లో వేసుకుంటారు, అందుకే నాకు చెయ్యి రావట్లేదు. పైగా క్షీరాబ్ది ద్వాదశి దగ్గరపడింది, ఆవిడ టెన్షన్ ఆవిడది.

బొమ్మనహళ్ళి నుంచి:
వేపనూనె కొట్టండక్కా, అన్నీ పోతాయి.

యలహంక నుంచి:
అన్నీ ఎలా పోతాయి తమ్ముడూ, నాలుగు కుండీల్లో నాలుగు రకాల గొడవలు కనిపిస్తుంటే! అమ్మా, ఆ ప్యాకెట్ పక్కన పెట్టండి. ముందు తులసి ఆకు తిప్పి కింది వైపు చూడండి. ఫొటోలన్నీ పైనుంచే తీస్తారు, అసలు సంగతి అడుగున ఉంటుంది. నల్ల చుక్క మీద తడి వేలు పెట్టి రుద్దండి. చుక్క ఊడి వేలికి అంటితే అది తెగులు మచ్చ కాదు, పురుగు రెట్ట. తులసికి నువ్వుగింజంత పురుగు ఒకటి పడుతుంది, రెక్కలు వల అల్లినట్టుంటాయి, లేస్ బగ్ అంటారు. రసం పీలుస్తుంది, చివర్లు ముడుచుకుపోతాయి. దానికి ఫంగస్ మందు ఎంత పోసినా దండగే.

రుద్రజడ సంగతి వేరు. పసుపు రంగు ఆకంతా సమంగా ఉందా, ఈనెల మధ్య గళ్ళుగళ్ళుగా ఉందా చూడండి. గళ్ళుగా ఉంటే రాత్రి రెండు ఆకులు కోసి, తడిపిన టిష్యూ పేపర్ పరిచిన టిఫిన్ డబ్బాలో కింది వైపు పైకి వచ్చేలా పెట్టి మూత పెట్టండి. పొద్దున్నే లేవగానే చూడండి. బూడిద, ఊదా కలిసిన నూగు కనిపిస్తే బూజు తెగులు. ఏమీ లేకపోతే ఎరువు చాలలేదో, నీళ్ళు ఎక్కువయ్యాయో అనుకోవాలి.

మారతహళ్ళి:
వేలికి నల్లగా అంటిందండీ! భూతద్దంతో చూస్తే పురుగులు కూడా ఉన్నాయి, అద్దాల రెక్కల్లా. ఇన్నాళ్ళూ ఫంగస్ అనుకుని నీళ్ళు తగ్గించాను, పాపం మొక్క. డబ్బా ఇవాళ రాత్రి పెడతాను. బూడిద తెగులు, బూజు తెగులు ఒకటేనా?

యలహంక:
పేర్లు దగ్గరగా ఉన్నాయి గానీ స్వభావాలు వేరు. బూడిద తెగులు ఆకు పైన తెల్లగా పౌడర్ చల్లినట్టుంటుంది, వేలితో తుడిస్తే వస్తుంది. ఆకు తడిగా ఉండక్కర్లేదు, గాలిలో తేమ చాలు. అందుకే మన దగ్గర వానలు వెనకబట్టాక, చలి రాత్రుల్లో ఎక్కువ. బూజు తెగులు ఆకు అడుగున, ఆకు తడిగా ఉన్న రోజుల్లో వస్తుంది. శాస్త్రం ప్రకారం అది అసలు శిలీంధ్రమే కాదు, ఊమైసీట్ అనే వేరే జాతి. కార్బెండజిమ్ దాన్ని ఏమీ చేయలేదు. మీ నర్సరీ అతని మందు తులసికీ పనికిరాదు, దీనికీ పనికిరాదు.

హోసూరు రోడ్డు నుంచి:
మధ్యలో నాదొకటండి. మా తమలపాకు తీగ మీద మసి పూసినట్టుంది. ఇదేం తెగులు?

యలహంక:
తడిగుడ్డతో తుడిస్తే పోతుందా? పోతే మసి బూజు. పిండినల్లి కార్చిన తీపి జిగురు మీద పెరుగుతుంది. నల్లిని వదిలించండి, మసి దానంతటదే ఆగుతుంది. బొమ్మనహళ్ళి తమ్ముడి వేపనూనె ఇక్కడ పనికొస్తుంది.

మారతహళ్ళి:
డబ్బాలో నూగు వచ్చిందండి, లేత ఊదా రంగు. చూస్తే ఒళ్ళు జలదరించింది. ఇక అశ్వగంధ సంగతి?

యలహంక:
అయితే రుద్రజడ మొక్క మీద ఆశ వదులుకోండి. సంచిలో మూటగట్టి చెత్తలో వేయండి, కంపోస్టు డబ్బాలో మాత్రం వద్దు. ఈసారి పల్చగా నాటి, నీళ్ళు పొద్దున, మొక్క మొదట్లోనే పోయండి.

అశ్వగంధ మచ్చల్లో ఒకదాని లోపల ఒకటి వలయాలు కనిపిస్తే ఆల్టర్నేరియా అనే ఫంగస్ తెచ్చే ఆకుమచ్చ. ముదురు ఆకులకే ఉంటే కంగారు లేదు, అవి తుంచేసి కుండీల మధ్య జానెడు ఎడం పెట్టండి. మందు అక్కర్లేదని నా అభిప్రాయం.

వాలిపోయినదాన్ని మాత్రం పీకి చూడాలి. వేరును రెండు వేళ్ళ మధ్య పట్టి లాగండి. పైతోలు తొడుగులా ఊడొచ్చి లోపల దారం మిగిలితే నీళ్ళు నిలిచి కుళ్ళింది. వేరు బాగుంటే కాండాన్ని నేలకు దగ్గరగా కోసి, ముక్కను గాజు గ్లాసు నీళ్ళలో కోసిన వైపు మునిగేలా కదలకుండా పట్టుకోండి. కొన్ని నిమిషాల్లో పాలదారాల్లా కిందికి జారితే బ్యాక్టీరియా. అలాగైతే ఆ మట్టి మళ్ళీ వాడొద్దు. దారాలు లేకుండా లోపల గోధుమరంగు చారలుంటే ఫ్యుజేరియం లాంటి ఫంగస్ తెచ్చే వడలు తెగులు అనుకోవచ్చు.

మారతహళ్ళి:
తోలు ఊడింది, సన్న దారం మిగిలింది. కుండీ కింద కన్నం కొబ్బరి పీచుతో మూసుకుపోయి ఉంది. తప్పు నాదే.

యలహంక:
అశ్వగంధ ఎండను ఓర్చుకుంటుంది, నిలవ నీటిని కాదు. మిగతా మూడింటినీ మూడొంతుల్లో ఒక వంతు ఇసుక కలిపిన మట్టిలోకి మార్చండి. పశువుల ఎరువులో ట్రైకోడెర్మా అనే మేలుచేసే ఫంగస్ పొడి కలిపి వారం పాటు తేమగా, నీడలో ఉంచి వేస్తే మంచిది. అది ముందుజాగ్రత్తే, కుళ్ళిన వేరును బాగుచేయదు.

జయనగర్ నుంచి:
బేకింగ్ సోడా చల్లితే ఫంగస్ పోతుందని అందరూ అంటారు కదండీ?

యలహంక:
బూడిద తెగులుకి కొంత పనిచేస్తుంది, కానీ ఎక్కువైతే ఆకు మాడుతుంది. ఈ కుండీల్లో దానికి పనిలేదు. ఇంకా తేలని కేసైతే సగం బాగున్న, సగం పాడైన ఆకును కాగితం కవర్లో పెట్టి జీకేవీకే వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ముందు ఫోన్ చేసి, తీసుకెళ్ళండి. ప్లాస్టిక్ కవర్లో దారిలోనే కుళ్ళిపోతుంది.

మారతహళ్ళి:
తులసికి ఏం చేయాలో చెప్పనేలేదు.

యలహంక:
పురుగున్న చివర్లు కత్తిరించి, మిగిలిన ఆకుల అడుగున నీళ్ళు గట్టిగా చిమ్మండి, మూడు రోజులకోసారి. తినే ఆకు, వేరే మందేదీ వద్దు.

మారతహళ్ళి:
కత్తెర తీసుకుని వెళ్ళాను. "ఇవాళ ద్వాదశి, తులసి కోయకూడదు, రేపు చూద్దాం" అన్నారు అత్తగారు. పూజకి ఉసిరి కొమ్మ కుండీలో గుచ్చి, దీపం పెట్టి, ఆ పురుగుల తులసికే దండం పెట్టుకున్నారు. రేపు పొద్దున ఆవిడే కత్తిరిస్తారట, భూతద్దం కూడా తనకే ఇమ్మన్నారు.