బ్యాట్‌కి ఇంకా కోత పెట్టాలా? బంతికి ఎదురుగా నిలబడేవాళ్ల రక్షణపై చర్చ

మిడాఫ్:
క్రికెట్‌లో రక్షణ అనగానే మనందరికీ తల మీదకు లేచే బౌన్సర్, హెల్మెట్, బ్యాటర్ గుర్తొస్తారు. నా అభ్యంతరం అక్కడే మొదలవుతుంది. బౌలర్ చేతిలోంచి బ్యాటర్ వైపు వచ్చే బంతి గురించి దశాబ్దాలుగా నియమాలు రాసుకుంటూ వచ్చాం. అదే బంతి బ్యాట్‌కి తగిలి అంతకు అంత వేగంతో వెనక్కి వెళ్తే, ఎదురుగా ఉన్న బౌలర్, అంపైర్, నాన్‌స్ట్రైకర్ ఏమవ్వాలి? వాళ్ల గురించి ఎక్కడా దాదాపు ఏమీ రాయలేదు.

ఒక చిన్న లెక్క చూడండి. పిచ్ పొడవు 22 గజాలు, అంటే సుమారు 20 మీటర్లు. బంతి వేసి ఫాలో త్రూలో ముందుకు వచ్చేసరికి బౌలర్‌కీ బ్యాట్‌కీ మధ్య మిగిలేది పదహారు మీటర్లు అనుకుందాం. స్ట్రెయిట్ డ్రైవ్ గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వస్తే ఆ దూరం దాటడానికి పట్టేది 0.4 సెకన్లు. బ్యాటర్ కనీసం సిద్ధంగా నిలబడి బంతినే చూస్తుంటాడు. బౌలర్ అప్పటికి ఒంటికాలి మీద, తల వంచి, తూలుతూ ఉంటాడు. ప్యాడ్లు లేవు, గ్లవ్స్ లేవు, హెల్మెట్ లేదు.

2017 అక్టోబరు 1 నుంచి బ్యాట్ అంచు 40 మిల్లీమీటర్లు, మందం 67 మిల్లీమీటర్లు దాటకూడదని క్రికెట్ నియమాలు రాసే ఎమ్‌సీసీ నియమం తెచ్చింది. అంతకుముందు మందానికి హద్దే లేదు. ఆ హద్దు సరిపోదని నా వాదన. ఇంకా తగ్గించాలి. ఆటలో సమతూకం కోసం అన్నది ఒక మాట, కానీ నేను అడుగుతున్నది రక్షణ కోసం. మీరేమంటారు?

పవర్‌ప్లే:
మిడాఫ్ గారూ, మీ ఆందోళన అర్థమైంది కానీ నేరం బ్యాట్ మీద వేయడం సరికాదు. మీరు చెప్పిన హద్దు వచ్చింది 2017లో. వన్డేల్లో ఇంగ్లండ్ 498 కొట్టింది 2022లో, నెదర్లాండ్స్ మీద. ఐపీఎల్‌లో సన్‌రైజర్స్ 287 కొట్టింది 2024లో. అంటే బ్యాట్‌కి కళ్లెం వేసిన తర్వాతే స్కోర్లు ఇంకా పెరిగాయి. బ్యాటే కారణమైతే తగ్గాలి కదా?

కారణాలు వేరే ఉన్నాయి. బౌండరీ తాడు లోపలికి వచ్చింది. అంతర్జాతీయ మ్యాచ్‌లలో 65 గజాలుంటే చాలు. వన్డేల్లో 2011 నుంచి రెండు వైపులా రెండు కొత్త బంతులు వాడారు, దాంతో పాతబడ్డ బంతితో వచ్చే రివర్స్ స్వింగ్ కరువైంది. (2025 జులై నుంచి 34 ఓవర్ల తర్వాత ఒకే బంతి అన్నారు, మంచి మార్పు.) అన్నిటికీ మించి కుర్రాళ్లు గంటల తరబడి సిక్సర్లు కొట్టడమే సాధన చేస్తున్నారు. వాళ్ల కష్టాన్ని చెక్క ఖాతాలో వేయకండి.

మిడాఫ్:
పవర్‌ప్లే గారూ, 40 మిల్లీమీటర్లు అన్నది అప్పటికే చాలామంది వాడుతున్న బ్యాట్లు ఇమిడిపోయేలా గీసిన గీత. డేవిడ్ వార్నర్ లాంటి కొద్దిమందే బ్యాట్ మార్చుకోవాల్సి వచ్చింది. కాబట్టి హద్దు పెట్టాక స్కోర్లు తగ్గలేదంటే బ్యాట్ ప్రభావం లేదని కాదు, హద్దు వదులుగా ఉందని. 2025 ఐపీఎల్‌లో అంపైర్లు మైదానంలోనే గేజ్ (కొలత చట్రం) పెట్టి బ్యాట్లు కొలిచారంటే, ఆ వదులు హద్దు దగ్గర కూడా బ్యాటర్లు ఎంత పట్టుదలగా ఉన్నారో చూడండి. ఒక్క మిల్లీమీటరు కూడా వదులుకోవడం లేదు. ప్రభావం లేని దాని కోసం అంత పట్టుదల ఎందుకు?

విల్లోచెక్క:
నేను బ్యాట్లు బాగుచేసే పని చేస్తాను, కాబట్టి చెక్క గురించి రెండు మాటలు. ఇద్దరూ మందం గురించే మాట్లాడుతున్నారు. అసలు మార్పు మందం పెరగడం కాదు, బరువు పెరగకుండా మందం పెరగడం. పాతకాలంలో మందమైన బ్యాట్ అంటే బరువైన బ్యాట్. అది తిప్పాలంటే భుజబలం ఉండాలి. ఇప్పుడు బ్యాట్ చేసే విల్లో చెక్కని బాగా ఆరబెట్టి తేమ తగ్గిస్తారు. నొక్కేటప్పుడు కూడా మరీ గట్టిగా నొక్కరు. చెక్క తేలిగ్గా ఉంటుంది, దానికి ఎంత మందం కావాలంటే అంత ఉంచవచ్చు. అంచులు లావైతే బంతి మధ్యలో తగలకపోయినా బ్యాట్ చేతిలో తిరిగిపోదు. పూర్వం అంచుకు తగిలితే వెనక స్లిప్ ఫీల్డర్ చేతిలో పడేది, ఇప్పుడు తాడు దాటుతోంది. ఈ లాభానికి బదులు ఆయుష్షు పోతుంది. ఇలాంటి బ్యాట్లు త్వరగా చీలి నా దగ్గరికి వస్తాయి.

ఇంకో సంగతి. గేజ్ మందాన్నే కొలుస్తుంది. తేమను కొలవదు, నొక్కిన తీరును కొలవదు, బరువుకి అసలు హద్దే లేదు. మిడాఫ్ గారు చెప్పినట్టు అంచు తగ్గిస్తే తయారీదారులు ఇంకో దారి వెతుకుతారు. ఇది ఇప్పటిది కాదు. 1771లో ఒకాయన వికెట్లంత వెడల్పున్న బ్యాట్‌తో దిగాడు. ఆ తర్వాతే నాలుగుంపావు అంగుళాల హద్దు వచ్చింది, ఇప్పటికీ అదే వెడల్పు. 1979లో పెర్త్‌లో డెనిస్ లిల్లీ అల్యూమినియం బ్యాట్ తెచ్చాడు, ఆ తర్వాత బ్లేడు చెక్కదే అయి ఉండాలని రాశారు. పాంటింగ్ బ్యాట్ వెనక అతికించిన గ్రాఫైట్ పట్టీని కూడా తీయించారు. 2021లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు వెదురు బ్యాట్ చేసి చూపిస్తే, వెదురు గడ్డిజాతి కాబట్టి నియమం ఒప్పుకోదన్నారు. ప్రతిసారీ వస్తువు ముందొచ్చింది, నియమం వెనకొచ్చింది.

కొత్తబంతి:
ఫాస్ట్ బౌలర్‌గా చెబుతున్నాను. మిడాఫ్ గారి మొదటి పోస్టులో ఒక సవరణ. బ్యాట్‌కి తగిలి వచ్చే బంతి గురించి ఏమీ రాయలేదనడం పూర్తిగా నిజం కాదు. 2023 జూన్ నుంచి అంతర్జాతీయ క్రికెట్‌లో వికెట్లకు దగ్గరగా నిలబడే కీపర్‌కీ, బ్యాటర్ ముందు దగ్గరగా ఉండే ఫీల్డర్లకీ హెల్మెట్ తప్పనిసరి. ఆ నియమం పాతికేళ్లు ఆలస్యంగా వచ్చిందని మాత్రం ఒప్పుకుంటాను. మన మాజీ టెస్టు ఆటగాడు రమణ్ లాంబా పోయింది 1998 ఫిబ్రవరిలో, ఢాకాలో. బ్యాటర్‌కి బాగా దగ్గరగా, ఫార్వర్డ్ షార్ట్ లెగ్‌లో హెల్మెట్ లేకుండా నిలబడ్డాడు. బ్యాటర్ కొట్టిన బంతి తలకు తగిలింది. మూడు రోజులకు చనిపోయాడు. అక్కడ బౌన్సర్ లేదు, ఫాస్ట్ బౌలర్ కూడా లేడు. వేసింది స్పిన్నర్.

ఇంత తెలిసి కూడా ఎక్కడ ప్రమాదం జరిగినా ముందు బౌన్సర్ ఆపేయాలంటారు, అది నాకు బాధ కలిగిస్తుంది. 1962లో బార్బడోస్‌లో మన కెప్టెన్ నారీ కాంట్రాక్టర్ పుర్రె పగిలింది. 1976లో కింగ్‌స్టన్‌లో మనవాళ్లలో ఐదుగురు రెండో ఇన్నింగ్స్ ఆడలేకపోయారు. అవి చిన్న విషయాలు కావు, నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. కానీ అప్పుడు హెల్మెట్ లేదు, ఓవర్‌కి ఇన్ని బౌన్సర్లని లెక్క లేదు. ఇప్పుడు టెస్టుల్లో, వన్డేల్లో రెండే. బౌలర్ ఆయుధానికి లెక్క కట్టారు, హద్దులు పెట్టారు. బ్యాటర్ ఆయుధం మాత్రం పెరుగుతూ పోయింది. 2017లో ఇంగ్లండ్ టీ20 పోటీలో ల్యూక్ ఫ్లెచర్ తను వేసిన బంతే తిరిగొచ్చి తలకు తగిలి మైదానంలో పడిపోయాడు. ఆ వీడియో చూశాక వారం రోజులు యార్కర్ వేసేటప్పుడు నా చెయ్యి వణికింది.

స్క్వేర్‌లెగ్:
నేను క్లబ్ మ్యాచ్‌లకి అంపైరింగ్ చేస్తాను. బౌలర్‌కైనా బంతి ఎక్కడ పడుతుందో తెలుసు. మా కళ్లు ముందు నో బాల్ కోసం గీత మీద ఉంటాయి, తర్వాత పైకి లేస్తాయి. ఆ కళ్లు ఎత్తే క్షణంలోనే ప్రమాదం. రెండేళ్ల కిందట ఒక డ్రైవ్ నా మోచేతికి తగిలింది. తలకు అడ్డంగా చెయ్యి పెట్టాను కాబట్టి మోచెయ్యి, లేకపోతే కణత. నెల రోజులు చొక్కా గుండీ పెట్టుకోలేకపోయాను.

2014 నవంబరు 27న బౌన్సర్ దెబ్బకి ఆస్ట్రేలియా బ్యాటర్ ఫిలిప్ హ్యూస్ పోయాడని ప్రపంచమంతా ఏడ్చింది, ఏడవాల్సిందే. ఆ తర్వాత రెండు రోజులకే ఇజ్రాయెల్‌లో ఒక మ్యాచ్‌లో అంపైర్‌గా నిలబడ్డ హిల్లెల్ ఆస్కర్ బంతి తగిలి చనిపోయాడు. ఆ పేరు ఈ చర్చలో ఎంతమందికి తెలుసు? ఆస్ట్రేలియా అంపైర్ జాన్ వార్డ్ మన రంజీ మ్యాచ్‌లో తలకు దెబ్బ తిని, 2016 జనవరిలో కాన్‌బెర్రా వన్డేకి హెల్మెట్ పెట్టుకుని వచ్చాడు. బ్రూస్ ఆక్సెన్‌ఫర్డ్ అదే ఏడాది ఐపీఎల్‌లో చేతికి డాలు కట్టుకున్నాడు. అప్పుడు చాలామంది నవ్వారు. నేను నవ్వలేదు.

అంచు 40 ఉండాలా 35 ఉండాలా అన్నది నాకు తేలదు. కానీ బౌలర్ వైపు నిలబడే అంపైర్‌కి హెల్మెట్ తప్పనిసరి చేయడానికి ఏ పరిశోధనా అక్కర్లేదు. నియమం ఉంటే పెట్టుకోవడానికి సిగ్గుపడాల్సిన పనీ ఉండదు.

బౌండరీబయట:
నేను ఆడను. నా కొడుకు పద్నాలుగేళ్లవాడు, ఆడతాడు. మీరంతా పెద్ద మ్యాచ్‌ల గురించి మాట్లాడుతున్నారు. నా టెన్షన్ పిల్లలు సాధన చేసే నెట్స్ గురించి. 2025 అక్టోబరులో మెల్‌బోర్న్‌లో పదిహేడేళ్ల పిల్లవాడు మ్యాచ్‌కి ముందు నెట్స్‌లో ఆడుతూ మెడకు బంతి తగిలి చనిపోయాడు. హెల్మెట్ ఉంది. మెడ గార్డ్ లేదు. ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

హ్యూస్‌కీ తగిలింది మెడ మీదే కదా. పుల్ చేయబోయి తిరిగినప్పుడు హెల్మెట్ కింద ఖాళీగా ఉన్న చోట తగిలింది. క్రికెట్ ఆస్ట్రేలియా తన మ్యాచ్‌లలో ఫాస్ట్, మీడియం పేసర్లను ఎదుర్కొనేవాళ్లకు మెడ గార్డ్ తప్పనిసరి చేసింది 2023 అక్టోబరులో. దాదాపు తొమ్మిదేళ్లకు. మధ్యలో 2019లో లార్డ్స్‌లో ఇంగ్లండ్ ఫాస్ట్ బౌలర్ ఆర్చర్ బంతి ఆస్ట్రేలియా బ్యాటర్ స్మిత్ మెడకు తగిలింది. అప్పుడు స్మిత్‌కీ గార్డ్ లేదు. అంత గొప్ప ఆటగాడే ఇబ్బందిగా ఉందని పెట్టుకోకపోతే, నా కొడుకు నా మాట ఎలా వింటాడు? "ఎవరూ పెట్టుకోవడం లేదమ్మా" అంటాడు. అందుకే నాకు నచ్చజెప్పడం కాదు, నియమం కావాలి. మ్యాచ్‌కీ, నెట్స్‌కీ కూడా.

పవర్‌ప్లే:
అమ్మా, మీ మాటకి నా దగ్గర ఎదురు వాదన లేదు. మెడ గార్డ్ విషయంలో నేను పూర్తిగా మీ వైపే.

బ్యాట్ విషయంలో మాత్రం నా మాట మీదే ఉన్నాను. ఒక భయం కూడా చెబుతాను. రక్షణ పేరుతో వచ్చిన నియమాన్ని గెలుపు కోసం వాడుకుంటే నియమం మీదే నమ్మకం పోతుంది. తలకు దెబ్బ తగిలి కంకషన్ అయినవాళ్ల బదులు ఇంకొకరిని దింపే కంకషన్ సబ్‌స్టిట్యూట్ 2019లో వచ్చింది, మంచి పని. 2025 జనవరిలో పుణె టీ20లో శివమ్ దూబే బదులు హర్షిత్ రాణా దిగి మూడు వికెట్లు తీశాడు. బ్యాటింగ్ ఆల్‌రౌండర్‌కి బదులు ఫాస్ట్ బౌలరా అని ఇంగ్లండ్ అడిగింది, తప్పేం లేదు. ఇప్పుడు పేర్లు ముందే ఇవ్వాలన్నారు, కంకషన్ అయినవాళ్లు కనీసం ఏడు రోజులు ఆడకూడదన్నారు. మొదటి రోజే అలా రాసి ఉండాల్సింది.

మిడాఫ్:
కొత్తబంతి గారి సవరణ ఒప్పుకుంటున్నాను. విల్లోచెక్క గారు చెప్పింది కూడా నాకు కొత్త. మందానికి కోత పెడితే చాలనుకున్నాను, చెక్కను ఆరబెట్టే పద్ధతి దాకా ఆలోచించలేదు. అయినా హద్దు తగ్గించాలన్న కోరిక వదలను. పెద్దవాళ్ల ఆటలో అది ఇప్పట్లో జరగదని తెలుసు కాబట్టి పిల్లల ఆట నుంచి మొదలుపెట్టమంటాను. పిల్లలు పన్నెండు గజాల దగ్గర ఒకరికొకరు బంతులు విసురుకుంటూ సాధన చేస్తారు. అక్కడ 40 మిల్లీమీటర్ల అంచు ఎవరికి అవసరం? బౌండరీబయట గారూ, మీ అబ్బాయికి త్రోడౌన్లు ఎవరు ఇస్తారు?

బౌండరీబయట:
కోచ్ ఇస్తారు, ఒక్కోసారి తోటి పిల్లలు. నెట్ లోపల, చాలా దగ్గర నుంచి. తలకు ఏమీ ఉండదు. ఇన్నాళ్లూ నేను చూసింది బ్యాట్ పట్టుకున్న నా కొడుకునే. విసిరేవాళ్ల వైపు ఒక్కసారి కూడా చూడలేదు. రేపు కోచ్ గారిని అడుగుతాను, పక్కన ఖాళీగా పడి ఉన్న హెల్మెట్లలో ఒకటి వాళ్లకీ పెట్టించమని.