గొలుసు లేని కుక్క మీదికొస్తే గొడుగు పనికొస్తుందా?

గొలుసుతో నడుస్తున్న మన కుక్క మీదికి వదిలేసిన కుక్క దూసుకొస్తే, మనదాన్ని వెనక్కి తీసుకుని, పక్కకు తిరిగి నిలబడి, వచ్చేదాని ముందు గుప్పెడు బిస్కెట్ ముక్కలు చల్లాలి. పరుగెత్తకూడదు, వెంటపడుతుంది. ఆటకు వచ్చేదైతే ఇది చాలు. ఒళ్లు బిగబట్టి, తోక నిటారుగా పెట్టి, రెప్ప వేయకుండా వచ్చేది మాత్రం తిండి వైపు చూడనే చూడదు. గొలుసు బిగిస్తే మన కుక్క కూడా గుర్రుమంటుంది. వదులు చేస్తే గొలుసు కాళ్లకు చుట్టుకుంటుంది. (“మాది ఏమీ అనదండీ” అని దూరం నుంచి అరిచే యజమాని సంగతి సరేసరి.)

బటన్ గొడుగు ఠక్కున తెరిచి అడ్డం పెట్టమంటారు. ఆ చప్పుడుకు మన కుక్కే బెదరకుండా ఎలా అలవాటు చేయాలి? ఇంట్లో 3 మీటర్ల దూరంలో సగం తెరుస్తూ, తినిపిస్తూ మొదలుపెట్టవచ్చా? రెండు కుక్కలు చెరోవైపు నుంచి వస్తే గొడుగు ఎటు తిప్పాలి? చేసి చూసినవాళ్లు చెప్పండి.