నాన్నకి ఇన్నేళ్ల తర్వాత ఎందుకిలా? ఫౌజీ కుటుంబాలవాళ్లు చెప్పండి

తణుకు_అమ్మాయి:
నాన్న 1987లో భారత శాంతి సేనతో శ్రీలంకలోని జాఫ్నా వెళ్లొచ్చారు. సర్వీసులో ఉన్నన్నాళ్లూ బాగానే ఉన్నారు. రిటైరయ్యాక చేసిన సెక్యూరిటీ ఉద్యోగం కూడా మానేసి ఇంటిపట్టున ఉంటున్నప్పటి నుంచే ఇదంతా. పైపులైను కోసం మా వీధి తవ్వి పూడ్చారు. ఆ కొత్త మట్టి మీద ఆయన అడుగు పెట్టరు, మమ్మల్నీ పెట్టనివ్వరు. మా బాబు అటు పరిగెత్తబోతే రెక్క పట్టి లాగేశారు, వాడు జడుసుకున్నాడు. రాత్రిళ్లు లేచి గేటు చూసొస్తారు. అమ్మ చాదస్తం అంటోంది.

పాత_హవల్దార్:
చాదస్తం కాదమ్మా. అక్కడ రోడ్ల కింద మందుపాతరలుండేవి. తవ్విన మట్టి కనబడితే ఆగినవాడే బతికాడు. నాకు దీపావళితో ఇబ్బంది లేదు, ముందే తెలుసు కాబట్టి. పెళ్లి ఊరేగింపులో చెప్పాపెట్టకుండా బాంబు పేలిస్తే మాత్రం ఒళ్లంతా చెమటలే. మావాళ్లు చాలామంది క్యాంటీన్ రమ్ముతో నిద్రపోవడం అలవాటు చేసుకున్నారు. ‘ఫౌజీ కదా, తాగుతాడులే’ అని ఇంట్లోవాళ్లూ వదిలేశారు. నన్నడిగితే అసలు నష్టం అక్కడే జరిగింది.

వార్డు_సిస్టర్:
పీటీఎస్‌డీ కావచ్చు, అంటే యుద్ధంలాంటి భయంకర అనుభవాల తర్వాత మనసుకి వచ్చే జబ్బు. వియత్నాం నుంచి తిరిగొచ్చిన సైనికులు గట్టిగా అడగబట్టే 1980లో అమెరికా సైకియాట్రిస్టుల మాన్యువల్‌లో దీనికి చోటు దొరికింది. కొందరిలో ఏళ్ల తర్వాత బయటపడుతుంది. పని ధ్యాస పోయాక ఎక్కువవడం మామూలే. అయితే ఈ వయసులో మతిమరుపు జబ్బు కూడా ఇలాగే మొదలవ్వచ్చు, రెండూ చూపించండి. ట్రామాకి ప్రత్యేకంగా కౌన్సెలింగ్ ఉంది, సెర్ట్రలిన్ లాంటి మందులున్నాయి. మెడికల్ షాపులో నిద్రమాత్రలు కొని వేయకండి, ప్లీజ్. ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డుంటే పాలీక్లినిక్‌లో రిఫరల్ అడగండి. ముందు మాట్లాడాలంటే 14416, టెలి మానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడతారు.

ఖార్కివ్_రిటర్న్:
నేను సైనికుణ్ణి కాదు, మెడిసిన్ స్టూడెంట్‌ని. 2022లో ఉక్రెయిన్ యుద్ధమప్పుడు ఖార్కివ్ మెట్రో స్టేషన్‌లో తలదాచుకున్నాం. ఇప్పటికీ ఫోన్ చార్జింగ్ సగానికి దిగితే గుండె దడ. మంచం పక్కన నీళ్ల బాటిల్, పాస్‌పోర్టు ఉన్న బ్యాగు లేకపోతే నిద్ర పట్టదు. అంకుల్‌గారి బాధ కొంచెం అర్థమవుతోంది.

తణుకు_అమ్మాయి:
థాంక్స్ అందరికీ. డాక్టరంటే ‘నాకేమన్నా పిచ్చా?’ అని లేస్తారు. బీపీ చెకప్ అని చెప్పి తీసుకెళ్లనా?

పాత_హవల్దార్:
అబద్ధం వద్దమ్మా, ఒకసారి తెలిసిపోతే మళ్లీ రారు. నిద్ర కోసం అని చెప్పు, అది నిజమే కదా. నాన్నగారిది ఏ రెజిమెంటు? చెబితే ఆయనతో పనిచేసినవాళ్లని వెతికి ఫోన్ చేయిస్తా. మా మాటైతే వింటారు.