ఒగ్గు కథ చూస్తూ బొమ్మ గీయడం ఎట్లా? మనిషి ఆగడే!

నకిరేకల్ దగ్గర మా ఊళ్లో మొన్న బీరప్ప పండుగకు ఒగ్గు కథ పెట్టించారు, అదే డోలు మోతతో ఆడుతూ పాడుతూ చెప్పే కథ. ఫొటో చూసి గీస్తే నాకు బాగానే వస్తుంది. అక్కడ కూర్చుంటే మాత్రం ఒక కన్ను గీసేలోపే కథకుడు అవతలి మూలకు పోయాడు. రెండు గంటలకు మిగిలింది పదకొండు సగం ముఖాలు. వెనక పిల్లల గుంపు, ఒకటే టెన్షన్. ఏం చేయాలన్నా?

— తమ్మీ, ముఖంతో మొదలుపెట్టకు. పాదాలు ముందు పట్టు. మనిషి నిలబడ్డప్పుడు బరువు ఏ కాలి మీద ఉందో చూసి, గొంతు గుంట నుంచి ఆ మడమ దాకా ఒక్క గీత లాగు. గంతు వేసేటప్పుడు ఈ లెక్క పనిచేయదు. పెద్దగట్టు జాతరలో గజ్జెల లాగులు తొడుక్కుని గంతులేసేవాళ్లను గీయబోయి నేనూ బోల్తా పడ్డా. ఇంకో మాట. కథకుడు ఆగకుండా తిరుగుతున్నట్టే ఉంటాడు గానీ, నాలుగైదు భంగిమలే మళ్లీ మళ్లీ వస్తాయి. ఒక్క పేజీలో నాలుగు బొమ్మలు మొదలుపెట్టు. చెయ్యి ఎత్తితే ఒకదానికి, వంగితే ఇంకోదానికి గీతలు కలుపుతూ పో.

— నేనైతే డోలు వాళ్లతో మొదలుపెట్టమంటాను. వాళ్లు అంతగా చోటు మారరు. ఒక చేతిలో కర్ర, రెండో వైపు అరచెయ్యి. డోలు బరువుకు నడుము కాస్త వెనక్కి వాలుతుంది. ఆ వాలు కుదిరితే డోలు గీయకపోయినా మెడలో ఉన్నట్టే కనిపిస్తుంది.

రాత్రిపూట పేజీ కనబడదు కదన్నా? ఫోన్ లైటు వేసుకోవచ్చా?

— వద్దు, ఆడేవాళ్ల కళ్లలో పడుతుంది. లైటు పక్క నుంచి వచ్చేచోట, గోడకు వీపు ఆనించి కూర్చో. పిల్లల బాధా తప్పుతుంది. 6బి లాంటి మెత్తటి పెన్సిల్ తెల్లారేసరికి చేతికి అంటి మసి అవుతుంది, మామూలు బాల్ పెన్ నయం. రబ్బరు ఇంట్లో పెట్టి రా. కథ మొదలు కాకముందే పెద్దాయనకు ఒక మాట చెప్పు, చాయ్‌కి ఆగినప్పుడు బొమ్మ చూపించు. నేను చూపిస్తే ఒకాయన పేజీ అటూ ఇటూ తిప్పి, "అంతా మంచిగుంది బిడ్డా, నా గజ్జెలేవి?" అన్నాడు. పాదాలు ముందు గీయమన్నది అందుకే.